అమ్మానాన్న వస్తున్నారు, కార్ మాట్లాడుకుని ఒక్క రోజు సఫారీ.. బన్నేర్‌ఘట్టా? బందీపూరా?

మారతహళ్ళి మధు:
అందరికీ నమస్తే. మాది ఒంగోలు పక్కన, ఆరేళ్ళ నుంచి బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం, సిగ్గు లేకుండా చెప్తున్నా ఇప్పటిదాకా ఊరి పక్కనే ఉన్న బన్నేర్‌ఘట్ట (జూ, సఫారీ ఉన్న పార్క్) మొహం చూళ్ళేదు, ఊర్నుంచి ఎవరొచ్చినా లాల్‌బాగ్, ఇస్కాన్, ఏదో ఒక మాల్ తిప్పి బస్సెక్కించెయ్యడమే. వచ్చే వారం అమ్మానాన్న, అత్తామామ నలుగురూ ఒకేసారి దిగుతున్నారు. నాన్న ఈసారి ముందే చెప్పేశాడు, నాకు ఆ అద్దాల మేడలు వద్దురా, పులిని చూపించు చాలు అని. వాళ్ళు నలుగురు, మేం ఇద్దరం, పాప (ఐదేళ్ళు), మొత్తం ఏడుగురం. నా స్విఫ్ట్‌లో పట్టం కాబట్టి డ్రైవర్‌తో సహా బండి మాట్లాడదామని ఇద్దరు ముగ్గుర్ని అడిగా. ఒకాయన బన్నేర్‌ఘట్టకి ఎనిమిది గంటలు ఎనభై కిలోమీటర్ల ప్యాకేజీ అన్నాడు. ఇంకొకాయనేమో బన్నేర్‌ఘట్ట ఏముంది సార్, తెల్లారుజామున 4కి ఎక్కండి, మైసూరు అవతల బందీపూర్ అడవి చూపించి రాత్రికి ఇంటి దగ్గర దించేస్తా అంటున్నాడు. అప్పట్నుంచి నాన్న బందీపూర్ బందీపూర్ అని కూర్చున్నాడు.

డౌట్లు ఏంటంటే, మనం మాట్లాడుకున్న కార్‌లోనే సఫారీ లోపలికి వెళ్ళొచ్చా లేక వాళ్ళ బస్సే ఎక్కాలా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. అన్నం కట్టుకెళ్ళొచ్చా. నాకు సోమ, మంగళ లీవ్ దొరికేలా ఉంది, మంగళవారం వెళ్దామనుకుంటున్నా. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

శిరీష జేపీనగర్:
మంగళవారం వద్దండీ బాబూ!! మంగళవారం పార్క్ సెలవు. ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే మేము వెళ్ళాం కాబట్టి. మా ఆడపడుచు వాళ్ళు విజయవాడ నుంచి వచ్చారు, పిల్లలు రాత్రంతా సింహం సింహం అని నిద్రపోలేదు, పొద్దున్నే లేచి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాల్లో పెట్టి, తొమ్మిదింటికల్లా వెళ్ళి చూస్తే గేట్‌కి తాళం. మా వారు ఆన్‌లైన్‌లో చూశానన్నారు, ఏం చూశారో ఆయనకే తెలియాలి. ఆ పులిహోర కార్లోనే తిని ఇంటికొచ్చాం. మీరు సోమవారమో, లేదంటే బుధ గురువారాలో పెట్టుకోండి. శని ఆదివారాలైతే అసలు వద్దు, సఫారీ బస్సు కోసం నిలబడే క్యూలోనే మీ అమ్మగారి మోకాళ్ళు అయిపోతాయి.

మన కార్ లోపలికి పోనివ్వరు. పార్కింగ్‌లో పెట్టేసి వాళ్ళ బస్సో జీపో ఎక్కాల్సిందే, ఎంత ఖరీదైన బండేసుకొచ్చినా అంతే. సఫారీ టికెట్, జూ టికెట్ కలిపి వాళ్ళ సైట్‌లోనే ముందు రోజు తీసేసుకోండి. తొమ్మిదిన్నరకి తీస్తారు, మీరు ఆ టైంకి గేట్ దగ్గర ఉండండి. ముందు సఫారీ, తర్వాతే జూ. చాలామంది తిరగేసి చేస్తారు, జూ అంతా నడిచి అలిసిపోయి మిట్టమధ్యాహ్నం సఫారీ ఎక్కుతారు, అప్పటికి పులులు కూడా మనలాగే నీడలో పడుకుని ఉంటాయి.

నాకు బాగా నచ్చేది ఆ రెండు గేట్ల సంగతి. బస్సు ఒక గేట్ దాటి లోపలికెళ్ళి ఆగుతుంది, వెనక గేట్ పడుతుంది, అది పడ్డాకే ముందు గేట్ తెరుస్తారు. ఆ మధ్యలో ఓ నిమిషం ఇటూ అటూ కంచె, బస్సులో అందరూ టక్కున మాటలాపేస్తారు, పిల్లలు కూడా. ఎలుగుబంట్లకి, సింహాలకి, పులులకి దేని ఏరియా దానిదే, ప్రతిసారీ ఈ గేట్ల తతంగమే. 2024లో చిరుతల సఫారీ కూడా మొదలుపెట్టారు. కిటికీకి జాలీ ఉంది కదా అని పాపని దానికి ఆనుకుని నిలబడనివ్వకండి, చిరుత పైకి ఎగిరే జంతువు, 2025లో ఇక్కడే సఫారీ బండిలో ఉన్న ఒక పిల్లాడికి గోళ్ళు తగిలాయని పేపర్లలో వచ్చింది.

అన్నం విషయం, లోపలికి ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు, కవర్లు అవీ పెట్టుకోకండి. స్టీల్ డబ్బాలు కార్లో ఉంచుకుని బయటికొచ్చాక తినండి. కార్ అద్దాలు దించి మాత్రం తినకండి, కోతులు ఉంటాయి. మా చిన్నాడి చేతిలోంచి అరటిపండు తీసుకున్న కోతి వాడి కళ్ళముందే కూర్చుని తొక్క వలిచింది, వాడు ఏడుపు మర్చిపోయి అలా చూస్తుండిపోయాడు.

అనంతపురం అన్న:
మధు తమ్ముడూ, బందీపూర్ ఒక్క రోజులోనా? ఇడ్సిపెట్టు సామీ. ఆ ట్రావెల్స్ ఆయప్పకి కిలోమీటర్లు కావల్ల, నీకు నాయన సంతోషం కావల్ల, రెండూ ఒకటి గాదు.

మేం పోయినాం మూడేండ్ల కింద, నేను, మా నాయన, మా అమ్మ, మా బామ్మర్ది. పొద్దున నాలుగ్గంటలకి బయల్దేరినాం. బిడదిలో తట్టె ఇడ్లీ తిందామని ఎక్స్‌ప్రెస్‌వే దిగి పాత రోడ్డుకి పోయినాం, ఆడ అర్ధగంట, మైసూరులో ట్రాఫిక్, నంజనగూడు, గుండ్లుపేట, బందీపూర్ చేరేసరికి పొద్దుటి సఫారీ ఎప్పుడో పోయింది. ఇంగ సాయంత్రం సఫారీ దాకా యాడ కూసోవల్ల? రూము లేదు, మా అమ్మ బండిలోనే సీటు వెనక్కి వంచుకొని పడుకునింది, ఏసీ ఏస్తే డీజిల్ అయితాదని డ్రైవరు మొకం మాడ్సుకుంటాడు. సాయంత్రం బస్సు ఎక్కితే జింకలు చూస్తిమి, నెమళ్ళు చూస్తిమి, ఒక ఏనుగు వెనక భాగం చూస్తిమి. పులి లేదు. గైడ్ ఒక చెట్టు కింద ఆపి, మట్టిలో అడుగు చూపిచ్చి ఇది నిన్న రాత్రిది అన్న్యాడు. మా నాయన కిందికి ఒంగి చాలాసేపు చూసి, దీనికోసం రెండొందల ఇరవై కిలోమీటర్లు వచ్చినామా అన్న్యాడు.

అసలు కష్టం వాపస్ వచ్చేటప్పుడు. మండ్య దాటినాక డ్రైవరు కండ్లు మూతలు పడ్తాండాయి, నేను ముందు సీట్లోకి మారి వాని పెండ్లి కాన్నుంచి వాళ్ళూరి జాతర దాకా అన్నీ అడిగినా, రెండు తూర్లు ఆపి టీ తాపిచ్చినా. ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. పోను రాను నాలుగొందల యాభై కిలోమీటర్లు, ఒకే డ్రైవరు, ఇరవై గంటలు. బండిలో పెద్దోళ్ళు. ఇప్పుడు తల్చుకుంటే నాకే భయమైతాది.

బందీపూర్ మంచిది గాదని గాదు నేను చెప్పేది. 1973లో పులుల్ని కాపాడేదానికి ప్రాజెక్ట్ టైగర్ మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న మొదటి అడవుల్లో అదొకటి, నిజమైన అడవి. దానికి ఒక రాత్రి ఆడ ఉండల్ల, సాయంత్రం ఒక సఫారీ, పొద్దున ఒక సఫారీ చేసుకోవల్ల. ఇంగోటి, ఆ అడవిలో రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లకి మూసేస్తారు, 2009 నుంచి అదే రూలు, ఊటీ సైడో కేరళ సైడో తిరిగొద్దామని ఆ ట్రావెల్స్ ఆయప్ప అంటే నమ్మొద్దు. 2025 నవంబర్లో మనుషుల మీద పులులు పడినాయని బందీపూర్, దాని పక్క అడవి నాగరహొళె రెండుచోట్లా సఫారీనే ఆపేసినారు, కాబట్టి ఎప్పుడు పోవాలన్న్యా ముందు సఫారీ నడుస్తాందా లేదా కనుక్కోని పో.

ఎల్లో బోర్డ్ సీను:
నేను డ్రైవర్‌నే అన్నా, మాది చిత్తూరు, 14 ఏళ్ళుగా బెంగళూరులో బండి తిప్పతా ఉండా, సొంత ఇన్నోవా క్రిస్టా. పైన అన్న చెప్పింది నూటికి నూరు కరెక్టు. బందీపూర్ వన్ డే అంటే నేనే ఒప్పుకోను, ఒప్పుకునేవాడు మరుసటి రోజు పొద్దున ఇంకో డ్యూటీకి కూడా పోతాడు, అది గుర్తు పెట్టుకోండి.

మధు అన్నా, మీరు ఏడుగురు అన్నారు. ఇక్కడ అందరూ దెబ్బతింటారు. సెవెన్ సీటర్ అంటే డ్రైవర్‌తో కలిపి ఏడు, అంటే మీకు ఆరు సీట్లే. ఎర్టిగా అయినా అంతే, క్రిస్టాలో సెవెన్ సీటర్ అయినా అంతే. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాం అంటారు, ఆరు కిలోమీటర్లకి పర్లేదు, సిల్క్ బోర్డ్ జామ్‌లో గంటంటే ఒళ్ళో పెట్టుకున్నోళ్ళకి కాళ్ళు పట్టేస్తాయి. క్రిస్టాలో ఎయిట్ సీటర్ ఉంటుంది, మధ్యలో ముగ్గురు వెనక ముగ్గురు ముందు ఒకరు, అది కావాలని నోరు తెరిచి అడగండి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మని వెనక సీటుకి పంపకండి, ముందు కూర్చోబెట్టండి. మీరు వెనక్కి పోండి అన్నా, ఏమనుకోకండి.

ఎనిమిది గంటలు ఎనభై కిలోమీటర్లు అంటాడు కదా, ఆ కిలోమీటర్లు ఎక్కడ మొదలవుతాయో అడిగినారా? చాలామంది గ్యారేజ్ టు గ్యారేజ్ లెక్క. బండి మీ ఇంటి ముందుకొచ్చినప్పుడు కాదు, వాళ్ళ షెడ్‌లో స్టార్ట్ అయినప్పుడే మీటర్ మొదలు, మళ్ళీ షెడ్‌కి చేరేదాకా. మారతహళ్ళి నుంచి పార్క్‌కి ఒక వైపు ఇంచుమించు ముప్పై. పోను రాను అరవై, గుడి గిడి అని ఇంకో ఐదు. షెడ్ మీ పక్కనే ఉంటే ఎనభైలో హాయిగా అయిపోద్ది. షెడ్ యలహంకలో ఉంటే నూరు దాటేస్తుంది, గంటలు కూడా పెరుగుతాయి. నా బండి కొనక ముందు నేనే ఒకాయన దగ్గర జీతానికి చేసినా, బిల్లు చూసి కస్టమర్ నా మీద అరిచేవాడు, ఓనర్ ఫోన్ ఎత్తడు. అందుకే రీడింగ్ మీ గేట్ ముందు ఫోటో తీసుకోండి, కిలోమీటర్లు మా ఇంటి నుంచి మా ఇంటికే అని వాట్సాప్‌లో రాయించుకోండి. పార్కింగ్, టోల్, బేటా (డ్రైవర్ రోజు భత్యం) కలిపా వేరేనా అదీ రాయించుకోండి. వైట్ బోర్డ్ బండి, అంటే బాడుగ పర్మిట్ లేని సొంత బండి, తక్కువకి వస్తాదని ఎక్కకండి, ఏమన్నా జరిగితే ఇన్సూరెన్స్ వాడు బాడుగకి తిప్పినావా అని మొదట అడుగుతాడు.

దారి గురించి. బన్నేర్‌ఘట్ట రోడ్ అని పేరుంది కదా అని దాన్నే పట్టుకోకండి, అరెకెరె, హుళిమావు, గొట్టిగెరె దాటేసరికి మీ పాప ఇంకెంతసేపు అని వందసార్లు అడుగుతుంది. సిల్క్ బోర్డ్ నుంచి ఎలివేటెడ్ ఫ్లైఓవర్ ఎక్కి ఎలక్ట్రానిక్ సిటీలో దిగండి, అక్కణ్ణుంచి నైస్ రోడ్‌లో బన్నేర్‌ఘట్ట రోడ్ ఎగ్జిట్, లేదంటే బొమ్మసంద్ర దాకా పోయి జిగణి మీదుగా. నేనైతే జిగణి. గ్రానైట్ లారీలు ఉంటాయి, పొద్దున ఏడున్నరకల్లా బయల్దేరితే అవి కూడా తక్కువే. సాయంత్రం మాత్రం నాలుగుకి తిరిగి బండెక్కేయండి, ఐదు దాటితే కంపెనీలు వదిలేస్తారు, తర్వాత దేవుడే దిక్కు.

కబిని కుర్రాడు:
అన్నా నాకైతే బన్నేర్‌ఘట్ట సఫారీ అంటే కొంచెం బోర్, అది అడవి కాదు, పెద్ద కంచెలో పెట్టిన జూ. పులి ఎక్కడుంటుందో డ్రైవర్‌కి ముందే తెలుసు, అక్కడికి తీసుకెళ్ళి ఆపుతాడు, అందరూ ఫోన్లు తీస్తారు, అయిపోయింది. నాగరహొళెలో రెండు గంటలు ఏమీ కనపడకుండా తిరిగి, ఉన్నట్టుండి జింక గట్టిగా అరిచిందంటే ఆ పక్కన పులి ఉందని అర్థం, ఆ క్షణం ఇచ్చే కిక్కు ఇక్కడ రాదు. అంకుల్‌కి అసలు పులిని చూపించాలంటే లీవ్ రెండు రోజులు పెట్టు.

అనంతపురం అన్న:
కబిని కుర్రాడా, నీ మాట నిజమే, నీకు మోకాళ్ళు బాగున్న్యాయి కాబట్టి. వాళ్ళ నాయన అడిగింది పులిని, కిక్కుని గాదు. ఇంగ కంచె అంటాండావు, ఆ కంచె అవతల రెండొందల అరవై చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్క్ ఉంది, ఏనుగులు తిరిగే అడవి. పోతే ఆ కంచెలో ఉండే జంతువుల కథ కూడా కొంచెం తెలుసుకో. సర్కసుల్లో సింహాలు, పులులు వాడకూడదని చెప్పినాక వాటిని యాడ పెట్టల్ల? అట్ల పట్టుకొచ్చినవాటికి ఇక్కడ రెస్క్యూ సెంటర్ పెట్టినారు. ఎలుగుబంట్లదీ అంతే, ఊరూరా ఆడిచ్చేవాళ్ళు కదా ముక్కుకి తాడేసి, వాటిని తెచ్చి పెట్టినారు, వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు చూసుకుంటారు. వాటిని తీస్కపోయి అడవిలో వదిల్తే బతకవు, నోట్లో పండ్లు పీకేసినవి ఉంటాయి. అది జూ అయితే ఏమి, వాటికి అదే ఇల్లు.

వండలూరు వాసు:
నేను చెన్నైలో ఉంటా, పనికొస్తుందో లేదో గానీ చెప్తున్నా, మా వండలూరు జూ కూడా మంగళవారమే సెలవు, నెల్లూరు నుంచి చుట్టాలొస్తే మేమూ ఒకసారి తాళం చూసొచ్చిన బాపతే. ఆరొందల హెక్టార్లు, ఎండలో నడిస్తే ప్రాణం పోద్ది, పెద్దవాళ్ళుంటే లోపల బ్యాటరీ బండి తీసుకోవడం ఒక్కటే మార్గం. బన్నేర్‌ఘట్టలో కూడా ఉంటుంది, దిగగానే ముందు దాన్ని అడగండి.

శిరీష జేపీనగర్:
అవును ఉంది, చెప్పడం మర్చిపోయా. ఇంకోటి, సీతాకోకచిలకల పార్క్ వదలకండి, 2006లో పెట్టారు, మన దేశంలో అలాంటిది అదే మొదటిది. మా అత్తగారికి పులికన్నా అదే నచ్చింది. టైముంటే వచ్చేటప్పుడు బన్నేర్‌ఘట్ట ఊళ్ళో చంపకధామ స్వామి గుడి చూసుకోండి, పాత గుడి, బావుంటుంది, మధ్యాహ్నం మూస్తారు కాబట్టి టైం కనుక్కుని వెళ్ళండి.

మారతహళ్ళి మధు:
వెళ్ళొచ్చాం!! అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మంగళవారం లీవ్ మార్చుకుని గురువారం వెళ్ళాం. సీను అన్నా, ఎయిట్ సీటర్ అని అడగ్గానే అవతలాయన ఓ రెండు సెకన్లు ఆగి సార్ మీకు తెలుసా ఇవన్నీ అన్నాడు. వాట్సాప్‌లో రాయించుకున్నా, గేట్ ముందు రీడింగ్ ఫోటో తీశా, తిరిగొచ్చేసరికి 71 కిలోమీటర్లు, ఒక్క రూపాయి తేడా రాలేదు. జిగణి దారే పట్టాం, ఏడుంబావుకి బయల్దేరితే మధ్యలో టిఫిన్ చేసి కూడా తొమ్మిదింబావుకి అక్కడున్నాం. డ్రైవరన్నకి కూడా మాతోనే పెట్టించా, పొద్దున్నే ఇంట్లో ఏం తినకుండా వచ్చాడట.

సఫారీకి ఇరవై నిమిషాలు కూడా ఆగలేదు. అమ్మకి బస్సు మెట్టు ఎత్తుగా ఉంటే కండక్టర్‌లా ఉన్న అబ్బాయి చేయి పట్టుకుని ఎక్కించాడు. ఆ రెండు గేట్ల మధ్య శిరీష గారు చెప్పినట్టే అందరూ గప్‌చుప్, మా మామయ్య అయితే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

ఎలుగుబంట్ల దగ్గర నాన్న నేననుకోని మాట చెప్పాడు. వాళ్ళ చిన్నప్పుడు ఊళ్ళోకి ఎలుగుబంటిని తోలుకొచ్చేవాళ్ళంట, జ్వరం వచ్చి భయపడే పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టి ఒక వెంట్రుక పీకి తాయెత్తులో పెట్టి కట్టేవాళ్ళంట. నన్నూ కూర్చోబెట్టార్రా, దాని వీపు చీపురులాగా గుచ్చుకుంది, ముక్కులోంచి తాడు, తాడు దగ్గర పుండు, ఈగలు అన్నాడు. నేను అనంతపురం అన్న రాసింది చదివి వినిపించా. బస్సు కదిలినా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు, ఒకటి మట్టిలో మూతి పెట్టి పుట్టని తవ్వుకుంటోంది, మనల్ని అసలు పట్టించుకోలేదు.

పులి కనిపించింది. నీళ్ళ తొట్టిలో నడుం దాకా మునిగి మాకు వీపు పెట్టి కూర్చుంది, రెండు నిమిషాలకి ఒకసారి తల తిప్పి చూసి ఆవలించింది. నాన్నకి అది చాలు, ఒంగోలుకి వీడియో కాల్ చెయ్యబోతే సిగ్నల్ లేదు. పాప మాత్రం సింహాల దగ్గర గోల గోల చేసి సరిగ్గా పులి దగ్గరికొచ్చేసరికి నిద్రపోయింది, లేపితే లేవదు. ఇప్పుడు ఇంట్లో రోజూ గొడవ, తాతయ్య ఒక్కడే చూశాడు, నాకు చూపించలేదు అని. సీతాకోకచిలకల దగ్గర అత్తయ్య, అమ్మ గంటసేపు కదల్లేదు, గుడికి వెళ్ళేసరికి మూసేశారు. కబిని కుర్రాడా, నాన్న నీ రిప్లై కూడా చదివాడు, జింక అరిస్తే పులి ఉన్నట్టా అని రెండుసార్లు అడిగాడు, సంక్రాంతి తర్వాత చూద్దాం అన్నా.

ఎల్లో బోర్డ్ సీను:
సంతోషం అన్నా. పాప కోసం ఇంకోసారి పోవాల్సి వస్తే ముందే టిఫిన్ తక్కువ పెట్టండి, కడుపు నిండితే బండిలో పిల్లలు పడుకుంటారు, ఇది 14 ఏళ్ళ అనుభవం.

శిరీష జేపీనగర్:
మధు గారూ ఆ డ్రైవర్ నెంబర్ నాకు మెసేజ్‌లో పంపండి, మా తమ్ముడు వాళ్ళు పదిహేనున వస్తున్నారు. ఈసారి వారం నేనే చూసుకుంటా, మా వారికి వదిలిపెట్టను.